విన్న మాటలు ఇంటి దాకా వస్తున్నాయి: ఇది నా బలహీనతా, వృత్తిలో తగిలిన గాయమా?

ప్రశ్న: జిల్లా కౌన్సెలర్, తెలంగాణ

అందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి, నాలుగేళ్లుగా ఒక జిల్లా కేంద్రంలో హింసకు గురైన మహిళలకు, పిల్లలకు కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. గృహహింస కేసులు, పోక్సో కేసులు (పిల్లలపై జరిగిన లైంగిక నేరాల కేసులు), ఇంటికి తిరిగి వెళ్లలేని ఆడపిల్లల కేసులు మా దగ్గరికి వస్తుంటాయి. కేసుల వివరాలేవీ ఇక్కడ రాయను, రాయకూడదు కూడా. బాధితుల గుర్తింపు తెలిసేలా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరమని మీలో చాలామందికి తెలుసు. నేను అడగదలచుకున్నది నా గురించే.

సుమారు ఎనిమిది నెలల కిందట ఒక చిన్నారి తనకు జరిగింది చెబుతూ, అన్నిటికంటే ముందు తలుపు గడియ పడిన చప్పుడు గురించి చెప్పింది. మిగతావి నేను ఎన్నో కేసుల్లో విన్న సంగతులే కాబట్టి ఆ రోజు నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. నివేదిక రాశాను, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చాను, వంట చేశాను. పది రోజుల తరువాత మా ఆయన స్నానాల గది గడియ వేసుకున్న చప్పుడుకు నా చేతిలోని గిన్నె జారిపడింది. అప్పటి నుంచి ఆ చప్పుడు ఎక్కడ వినపడినా గుండె దడదడలాడుతుంది. రాత్రి రెండు, మూడు గంటల మధ్య మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు.

మా అమ్మాయికి ఆరేళ్లు. పై అంతస్తులో ఉండే టీచర్ గారి దగ్గరికి ట్యూషన్‌కు వెళ్లేది. ఆవిడ మాకు ఏడేళ్లుగా తెలిసిన మనిషి, ఆమె మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయినా ఆ ఇంట్లో ఆమె మరిది కూడా ఉంటాడన్న ఒక్క కారణంతో ట్యూషన్ మాన్పించాను. స్కూలు ఆటో నడిపే ఆయనను పదిసార్లు ప్రశ్నలడిగి బాధపెట్టాను. "నీ కంటికి మగవాళ్లందరూ ఒకేలా కనిపిస్తున్నారు" అని మా ఆయన అన్నారు. ఆ మాటలో నిజం ఉందేమోనని నాకూ భయంగా ఉంది. మా అత్తయ్య దిష్టి తీసి, ఆ ఉద్యోగం మానెయ్యమని సలహా ఇచ్చారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెడుతున్న విషయం మరొకటి ఉంది. గత నెలలో ఒకామె తన గోడు చెప్పుకుంటుండగా, ఆమె అసలు సంగతికి వచ్చే సమయానికి నేను ఫారం ముందుకు జరిపి, "సరేనమ్మా, మీ ఆధార్ కార్డు తెచ్చారా?" అని అడిగాను. ఆమె ఆగిపోయింది. మళ్లీ అక్కడి దాకా రాలేదు. వినకుండా తప్పించుకున్నది నేనేనని ఆమె వెళ్లిపోయిన తరువాత గానీ నాకు అర్థం కాలేదు. నాలుగేళ్ల కిందట ఆడవాళ్ల కన్నీళ్లు చూస్తే నాకూ కళ్లు చెమర్చేవి, ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు.

తోటివారిని అడిగితే "మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది, అలవాటైపోతుంది" అంటున్నారు. కానీ నాకు మొదట్లో ఇలా లేదు, ఇప్పుడే ఉంది. ఇది నేను ఈ పనికి పనికిరానని చెప్పే సూచనా? దీనికి పేరేదైనా ఉందా? ఉద్యోగం మానకుండా దీని నుంచి బయటపడే దారి ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖపట్నం

మీ ప్రశ్న చదివాను. ముందుగా ఒక మాట చెబుతాను: ఫారం ముందుకు జరిపిన సంగతిని మీరు గమనించారు, గమనించి బాధపడ్డారు. మొద్దుబారిపోయిన మనిషికి అది సాధ్యం కాదు.

మీరు వర్ణించిన స్థితికి పేరుంది. ఇతరులకు జరిగిన ఘోరాన్ని వృత్తిరీత్యా వింటూ ఉండేవారిలో, ఆ ఘోరం తమకే జరిగినప్పుడు కలిగేటటువంటి లక్షణాలు కనిపించడాన్ని సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990లలో దీని మీద విస్తారంగా రాశారు. 2013లో వెలువడిన డీఎస్ఎం-5, అంటే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి రోగ నిర్ధారణ గ్రంథం, పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తరువాత మనిషిని వెంటాడే మానసిక రుగ్మతకు) దారితీయగల అనుభవాలలో ఘటన తాలూకు ఒళ్లు గగుర్పొడిచే వివరాలను పనిలో భాగంగా పదే పదే ఎదుర్కోవడాన్ని కూడా చేర్చింది. పిల్లలపై జరిగిన అకృత్యాల వివరాలు మళ్లీ మళ్లీ వినవలసి వచ్చే పోలీసులను అందుకు ఉదాహరణగా చూపింది. ఆ వివరాలను గడియ వేసిన గదిలో ఒంటరిగా కూర్చుని వినే కౌన్సెలర్‌కు అది వర్తించదని ఎవరూ అనలేరు. సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ అన్నది విడిగా ఒక రోగ నిర్ధారణ కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. లక్షణాలు తీవ్రమై, నెలకు మించి కొనసాగి, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసినప్పుడు పీటీఎస్‌డీ ఉందేమో వైద్యులు పరిశీలించి నిర్ణయిస్తారు.

మీరు రాసినదానిలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే మందు ఒకచోట, నొప్పి మరొకచోట అవుతుంది. గడియ చప్పుడుకు గిన్నె జారిపడటం, అర్ధరాత్రి మెలకువ రావడం, ఫారం వెనక దాక్కోవడం: ఇవి గాయపు లక్షణాలు. ఇవి కొన్నిసార్లు ఒకే ఒక్క కేసుతో, చాలా త్వరగా వస్తాయి, సరైన సాయం దొరికితే తగ్గుతాయి కూడా. ట్యూషన్ మాన్పించడం వేరే కోవకు చెందుతుంది. 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిని వికేరియస్ ట్రామటైజేషన్ అన్నారు. భద్రత, నమ్మకం, తన జీవితం తన చేతిలో ఉందన్న భావన, ఆత్మగౌరవం, ఆత్మీయత వంటివాటి గురించి మనిషికి ఉండే లోపలి నమ్మకాలు, ఏళ్ల తరబడి వింటున్న కథల బరువుకు మెల్లగా ఒరిగిపోతాయని వారు చెప్పారు. మీ ఆయన అన్న మాట నిజమా కాదా అని మీరు భయపడుతున్నారు. లోకంలో మగవాళ్లందరూ అలాంటివారు కారు, కానీ మీ గదిలోకి వచ్చే కథల్లోని మగవాళ్లందరూ అలాంటివారే. వారానికి ఐదారు రోజులు అటువంటి లోకాన్నే చూసే మనసు, లోకమంతా ఇంతేనని లెక్క కట్టడంలో వింత లేదు.

మూడవది బర్నవుట్, అంటే పని వల్ల మనిషి పూర్తిగా అలసి, లోపల ఖాళీ అయిపోవడం. హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్ 1974లో ఈ మాటను మానసిక శాస్త్రంలోకి తెచ్చారు. ఇది పని భారం వల్ల, గుర్తింపు లేకపోవడం వల్ల, చేతిలో అధికారం లేకుండా బాధ్యత మాత్రమే ఉండటం వల్ల వస్తుంది. బ్యాంకులో పనిచేసేవారికీ రావచ్చు. మీలో భావాలు అడుగంటడానికి ఇది కూడా కారణం కావచ్చునని నా అనుమానం, అయితే ముఖాముఖి మాట్లాడకుండా అంతకంటే గట్టిగా చెప్పలేను.

బ్రయన్ బ్రైడ్ 2004లో రూపొందించిన 17 ప్రశ్నల సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ స్కేల్ అందుబాటులో ఉంది. గత ఏడు రోజుల అనుభవాన్ని బట్టి ప్రతి ప్రశ్నకు 1 నుంచి 5 వరకు అంకె వేసుకోవాలి. మొత్తం 38 లేదా అంతకు మించితే పట్టించుకోవలసిన స్థాయి అని సాధారణంగా భావిస్తారు. అది రోగ నిర్ధారణ కాదు, జ్వరం ఉందో లేదో చెప్పే థర్మామీటరు వంటిది. ఇదే పరిశోధకుడు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని ఒక దక్షిణాది రాష్ట్రపు సోషల్ వర్కర్లలో సుమారు 15 శాతం మంది పీటీఎస్‌డీ ప్రధాన ప్రమాణాలకు సరిపోయారు. వారందరూ ఆ పనికి పనికిరానివారని ఎవరూ అనలేదు.

ఎనిమిది నెలలు చాలా ఎక్కువ కాలం. మీరు ఒక చికిత్సకుడిని కలవాలి, కౌన్సెలర్‌గా కాదు, సాయం కోరే మనిషిగా. గాయాన్ని కేంద్రంగా చేసుకుని చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే పద్ధతి), ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో జ్ఞాపకాల బరువు తగ్గించే పద్ధతి) వంటి చికిత్సలు పీటీఎస్‌డీలో ఫలితమిస్తాయని చాలినంత రుజువు ఉంది. దగ్గరలో ఎవరూ లేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ-మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే స్కేళ్లు, ప్రశ్నలు అన్నీ పక్కన పెట్టి ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

సమాధానం 2: విశ్రాంత ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, హైదరాబాద్

పైన సైకాలజిస్ట్ గారు చెప్పినదంతా సరైనదే. అయితే ఆ సమాధానం చదివి మా కౌన్సెలరమ్మ "సరే, చికిత్స చేయించుకుంటాను" అని వెళ్లి, అదే కుర్చీలో అన్నే కేసులకు మళ్లీ కూర్చుంటే ఏమవుతుందన్నది నా ప్రశ్న. పొగ నిండిన గదిలో కూర్చున్నవాడికి దగ్గు మందు ఇస్తే సరిపోదు కదా.

నేను ఇరవై రెండేళ్లు ఇటువంటి కార్యక్రమాలు నడిపాను. మా కాలంలో "సెల్ఫ్ కేర్" అన్న మాట వచ్చిన తరువాత అధికారులకు పెద్ద వెసులుబాటు దొరికింది. ఏడాదికి ఒక యోగా శిబిరం పెట్టి, ఫొటోలు తీసి, నివేదికలో పెడితే సిబ్బంది సంక్షేమం పూర్తయినట్లే. కౌన్సెలర్ కుంగిపోతే ఆమె తనను తాను చూసుకోలేదని అనవచ్చు. కెనడాలో బోబర్, రెగర్ అనే ఇద్దరు 259 మంది థెరపిస్టులను ప్రశ్నించి 2006లో ప్రచురించిన ఫలితాలు ఈ సంగతిలో నా కళ్లు తెరిపించాయి. విశ్రాంతికి, స్వీయ సంరక్షణకు, సూపర్‌విజన్‌కు ఎవరు ఎంత సమయం కేటాయించారన్న దానికీ వారి ట్రామా లక్షణాలకూ సంబంధం కనబడలేదు. లక్షణాలను అన్నిటికంటే బాగా సూచించినది వారానికి ఎన్ని గంటలు బాధితులతో గడుపుతున్నారన్న లెక్క. తరువాత 2015లో హెన్సెల్ తదితరులు 38 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా కేసుల సంఖ్య, మొత్తం పనిలో ట్రామా కేసుల పాలు, కౌన్సెలర్‌కు స్వయంగా గతంలో తగిలిన గాయం వంటివి లక్షణాలను కొంత పెంచుతాయనీ, పనిచోట దొరికే అండ వాటిని కొంత తగ్గిస్తుందనీ తేలింది. ఒక్కొక్క కారకం ప్రభావం చిన్నదేనని కూడా వారే రాశారు కాబట్టి, ఫలానాది చేస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా బృందంలో ఒక అమ్మాయి పిల్లలతో ఎంతో బాగా మాట్లాడేది. నోరు విప్పని బిడ్డ కూడా ఆమె ఒళ్లో కూర్చుని మాట్లాడేది. అందువల్ల కష్టమైన ప్రతి పోక్సో కేసునూ ఆమెకే అప్పగించాను. "నువ్వైతేనే చేయగలవమ్మా" అని మెచ్చుకున్నాను కూడా. మూడేళ్లకు ఆమె ఒక సోమవారం రాజీనామా పత్రం బల్ల మీద పెట్టి, కారణం చెప్పకుండా వెళ్లిపోయింది. బాగా మోసే ఎద్దు మీదే బరువంతా వేశానని నాకు అర్థం కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అందుచేత మా ప్రశ్న అడిగిన అమ్మాయిని నేను ఒకటి అడుగుతాను: మీ కేంద్రంలో పిల్లల కేసులు ఎవరికి ఎన్ని వెళుతున్నాయి? గత ఆరు నెలల రిజిస్టరు తీసి లెక్క వేయండి. ఆ అంకె చేతిలో ఉంటే మీ పై అధికారితో మాట్లాడేటప్పుడు "నాకు కష్టంగా ఉంది" అనవలసిన అవసరం ఉండదు. కాగితమే మాట్లాడుతుంది.

తరువాతి సంవత్సరాల్లో మేము చేసిన మార్పులు ఖర్చు లేనివి. పిల్లల వాంగ్మూలానికి మేజిస్ట్రేటు దగ్గరికి తోడు వెళ్లిన రోజు ఆ కౌన్సెలర్‌కు కొత్త కేసు ఇచ్చేవాళ్లం కాదు. ఒకే సంగతిని రిజిస్టరులో ఒకసారి, ఆన్‌లైన్‌లో ఒకసారి, నివేదికలో ఒకసారి రాయించడం మాని, పూర్తి వివరం ఒక్కచోట రాయించి మిగిలిన రెండు చోట్ల దాని సంఖ్య వేయమన్నాం. ఒక ఘోరాన్ని మూడుసార్లు రాయడమంటే మూడుసార్లు వినడమే. రాత్రి షిఫ్టు చేసినవారిని మరునాడు ఉదయం సమీక్షకు పిలవడం ఆపేశాం.

సమీక్ష అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మన దగ్గర సూపర్‌విజన్ అంటే నెలవారీ సమావేశం, ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు, ఎన్ని పెండింగులో ఉన్నాయి అనే లెక్క. క్లినికల్ సూపర్‌విజన్ అది కాదు. జీతానికి, ప్రమోషన్‌కు సంబంధం లేని ఒక అనుభవజ్ఞుడి ముందు కూర్చుని, "ఆధార్ కార్డు అడిగి తప్పించుకున్నాను" అని భయం లేకుండా చెప్పగలిగితే అది సూపర్‌విజన్. హింసకు గురైన మహిళలకు సాయమంతా ఒకేచోట అందించేందుకు 2015లో మొదలైన సఖి వన్ స్టాప్ సెంటర్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చేందుకు 2022లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కలిసి స్త్రీ మనోరక్ష అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. అది మంచి పనే. కానీ శిక్షణ ఒకసారి ఇచ్చేది, సూపర్‌విజన్ ప్రతి పక్షం దొరకవలసినది.

సమాధానం 3: గుంటూరు నుంచి ఒక సభ్యుడు

ఇంత లోతుగా ఆలోచించవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఉదయం అరగంట ధ్యానం, రాత్రి ప్రాణాయామం చేసి, భారం భగవంతుడి మీద వేస్తే మనసు తేలికపడుతుంది. ఆఫీసు సంగతులు ఆఫీసులోనే వదిలి రావడం అలవాటు చేసుకోవాలి.

సమాధానం 1 రాసినవారు తిరిగి రాసినది

గుంటూరు మిత్రులకు: ప్రాణాయామాన్ని నేను కాదనను. నిదానంగా వదిలే శ్వాస వల్ల గుండె దడ తగ్గుతుంది, గడియ చప్పుడు విన్న క్షణంలో ఆమెకు అది ఉపయోగపడుతుంది. దేవుడి మీద నమ్మకం ఉన్నవారికి ప్రార్థన పెద్ద అండ. కానీ ఆఫీసు సంగతులను ఆఫీసులో వదిలి రమ్మనడం దగ్గరే చిక్కు ఉంది. ఆమె వాటిని తెచ్చుకోవడం లేదు, అవే వస్తున్నాయి. రాకూడదని బలవంతంగా నెట్టేకొద్దీ అటువంటి జ్ఞాపకాలు మరింత పట్టుదలగా తిరిగి వస్తాయి. కళ్లు మూసుకుని కూర్చుంటే దృశ్యాలు ఎక్కువయ్యేవారు కూడా ఉంటారు. వారు కళ్లు తెరిచి, నడుస్తూనో, చేతులతో ఏదైనా పని చేస్తూనో మనసును కుదుటపరచుకోవడం మేలు.

సమాధానం 4: తెలుగు దుభాషి, న్యూజెర్సీ

నేను కౌన్సెలర్‌ను కాను. ఇక్కడి ఆసుపత్రుల్లో, కోర్టుల్లో తెలుగువారికి దుభాషిగా పనిచేస్తాను. పెళ్లి చేసుకుని ఈ దేశానికి వచ్చి, వీసా భర్త చేతిలో ఉండి, దెబ్బలు తిన్న ఆడపిల్లల మాటలను ఇంగ్లీషులోకి మార్చడం నా పనిలో ఒక భాగం. ఈ చర్చలో నాకూ చెప్పవలసినది ఉందనిపించి రాస్తున్నాను.

మా వృత్తి నియమం ప్రకారం ఎదుటివారు "నన్ను కొట్టాడు" అంటే మేమూ "నన్ను కొట్టాడు" అనే అనాలి. "ఆమెను కొట్టాడట" అనకూడదు. రోజంతా పరాయివారి దెబ్బలను "నేను", "నన్ను", "నా" అంటూ సొంత గొంతుతో చెప్పిన తరువాత శరీరానికి ఆ తేడా తెలియదు. దక్షిణాఫ్రికాలో 1996లో ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ విచారణలు మొదలైనప్పుడు, బాధితుల మాటలనూ హింసించినవారి మాటలనూ ఒకే గొంతుతో, "నేను" అంటూ అనువదించిన దుభాషులు తీవ్రంగా కలతచెందిన సంగతి మా శిక్షణలో చెబుతారు.

దీనికి మాతృభాష సంగతి కూడా తోడవుతుంది. ఇంగ్లీషులో విన్న ఘోరం నా తలకు తగులుతుంది, తెలుగులో విన్నది కడుపులో దిగుతుంది. "అమ్మా, ఊపిరాడలేదమ్మా" అన్న మాట మా అమ్మ మాట్లాడే భాషలోదే కదా. మీరు వినేవన్నీ అమ్మ భాషలోనే వింటున్నారు. ఆ లెక్క ఎవరూ వేయరు.

నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. ఇది నా అనుభవం మాత్రమే. పని ముగిసి కారులో కూర్చున్న తరువాత, పైకి వినబడేలా ఒక్క వాక్యాన్ని ప్రథమ పురుషలోకి మార్చి అంటాను: "ఇది ఆమెకు జరిగింది. ఆమె చెప్పింది. నేను విన్నాను." ఆ తరువాతే బండి తీస్తాను. మొదట పిచ్చిపనిలా అనిపించింది. ఇప్పుడు అది చేయకుండా ఇంటికి వెళితే చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వెళ్లినట్లు ఉంటుంది.

రెండవది, తోటివారితో పంచుకునే పద్ధతి. మేము దుభాషులం కలిసినప్పుడు ముందూ వెనకా చూసుకోకుండా విన్నదంతా ఒకరి మీద ఒకరం గుమ్మరించేవాళ్లం. మనసు తేలికపడేది నిజమే, కానీ వినేవారి మనసు బరువెక్కేది. కెనడాకు చెందిన ఫ్రాంస్వాజ్ మాథ్యూ దీనికి తక్కువ హాని చేసే పద్ధతి ఒకటి సూచించారు: చెప్పే ముందు మనం ఎంత చెప్పబోతున్నామో గమనించుకోవాలి, బరువైన సంగతి అని ముందుగా హెచ్చరించాలి, ఇప్పుడు వినగలరా అని అడగాలి, ఒళ్లు గగుర్పొడిచే వివరాలు లేకుండా మన మీద పడిన ప్రభావం వరకే చెప్పాలి. గోప్యత వల్ల ఇంట్లో నోరు విప్పలేకపోతున్నవారికి ఇది మరీ ఉపయోగం. "ఈ రోజు ఒక మాట విన్నాను, అది నన్ను వదలడం లేదు, కాసేపు నా పక్కన కూర్చోండి" అని మీ ఆయనతో అనడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ఆ మాట ఏమిటో ఆయనకు తెలియవలసిన పని లేదు.

సమాధానం 5: పోక్సో కేసుల్లో సపోర్ట్ పర్సన్, రాయలసీమ

అమ్మా, మీ బాధ చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను పిల్లలకు సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం బాలల సంక్షేమ కమిటీ మమ్మల్ని నియమిస్తుంది, దర్యాప్తు మొదలుకుని విచారణ ముగిసేదాకా మేము ఆ బిడ్డ వెంట ఉంటాం. చట్టం చెప్పినట్లు ఏడాదిలో విచారణ ముగిస్తే సంతోషమే కానీ, వాయిదాల మీద వాయిదాలతో అది రెండేళ్లకు, మూడేళ్లకు సాగడం నేను చూస్తూనే ఉన్నాను.

ఒక విచిత్రం చెబుతాను. నేను వినేవీ మీరు వినేటటువంటి సంగతులే, కోర్టు ఆవరణలో నిందితుడి బంధువుల చూపులు అదనం. అయినా నాకు మీ అంత నలుగుడు లేదు. నేను గట్టి మనిషిని కాబట్టి అని చాలాకాలం అనుకున్నాను, నిజానికి కారణం అది కాదు. మీరు ఆ బిడ్డను చూసేది అన్నిటికంటే చెడ్డ రోజున. వన్ స్టాప్ సెంటర్లలోనైతే తాత్కాలిక వసతి ఐదు రోజుల దాకానే. ఆ తరువాత ఆ బిడ్డ ఏమైందో మీకు తెలియదు. మీ మనసులో ఆమె ఎప్పటికీ ఆ గడియ పడిన గదిలోనే ఉంటుంది. నేను మాత్రం అదే వయసు పిల్ల ఆరు నెలలకు బడికి వెళ్లడం, ఏడాదికి కబడ్డీలో గెలిచి వచ్చి నాకు ఫోన్ చేయడం, సాక్ష్యం చెప్పిన రోజు బయటికి వచ్చి "ఆకలేస్తోంది పిన్నీ, బజ్జీలు కొనిపెట్టు" అనడం చూస్తాను. ఆ బజ్జీలు తింటున్న ముఖం నాకు నిద్ర పట్టిస్తుంది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. కొలంబియాలో రాజకీయ హింసకు గురైనవారితో పనిచేసిన థెరపిస్టులతో మాట్లాడి, హెర్నాండెజ్, గాంగ్సీ, ఎంగ్‌స్ట్రామ్ అనే పరిశోధకులు 2007లో దీనికి వికేరియస్ రెజిలియెన్స్ అని పేరు పెట్టారు. గాయం అంటుకున్నట్లే తేరుకోవడం కూడా అంటుకుంటుందని దాని అర్థం. అయితే తేరుకోవడాన్ని చూడగలిగితేనే అది అంటుకుంటుంది. కాబట్టి మీ కేంద్రంలో మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి పాత కేసుల క్షేమం కనుక్కునే పని ఎవరికైనా ఉంటే దానిని మీరు అడిగి తీసుకోండి. అన్ని ఫోన్లూ మంచి కబురే చెప్పవు. కొందరు అదే ఇంటికి తిరిగి వెళ్లి ఉంటారు, కొన్ని నంబర్లు పనిచేయవు. ఆ సంగతి తెలిసే అడగండి.

మీ అమ్మాయి ట్యూషన్ గురించి కూడా ఒక మాట. మీ జాగ్రత్త మొత్తాన్ని జబ్బు లక్షణమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మనం చూసే కేసుల్లో నిందితులు ఎక్కువగా తెలిసినవారే అన్న సంగతి మనం కలగనలేదు. భయం చెప్పినదంతా చేయకండి, భయం చెప్పినదంతా తోసేయనూ వద్దు.

ప్రశ్న అడిగినవారు మూడు వారాల తరువాత రాసినది

అందరికీ కృతజ్ఞతలు. ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి.

సైకాలజిస్ట్ గారు చెప్పిన స్కేలు వేసుకున్నాను, 47 వచ్చింది. ఆ అంకె చూసి భయపడాలో, ఇదంతా నా ఊహ కాదని ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు, రెండూ జరిగాయి. పక్క జిల్లాలో ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. రెండుసార్లే అయింది కాబట్టి దాని గురించి చెప్పడానికి ఇంకా ఏమీ లేదు. నిద్ర మాత్రం వారంలో మూడు రాత్రులు పడుతోంది.

కోఆర్డినేటర్ గారు అడిగిన లెక్క వేశాను. గత ఆరు నెలల్లో పిల్లల కేసులు 31 వస్తే అందులో 23 నా దగ్గరికే వచ్చాయి. మేము ముగ్గురం కౌన్సెలర్లం. ఎవరూ కావాలని చేసింది కాదు. "పిల్లలు నీ దగ్గర బాగా మాట్లాడతారు" అన్న మాటే నాకూ చెప్పారు. ఆ కాగితం పట్టుకుని మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. కేసులు వంతుల వారీగా ఇవ్వడానికి, వాంగ్మూలం రోజున కొత్త కేసు ఇవ్వకుండా ఉండటానికి ఒప్పుకున్నారు. మూడుచోట్ల రాసే పద్ధతి మార్చడం తన చేతిలో లేదన్నారు. సూపర్‌విజన్ సంగతి ఎత్తితే "నెలనెలా సమీక్ష పెడుతున్నాం కదమ్మా" అన్నారు. దాన్ని ఇంకొకసారి అడగాలి. మేము ముగ్గురం మాత్రం శనివారాలు టీ తాగుతూ, వివరాలు లేకుండా, దుభాషి గారు చెప్పిన పద్ధతిలో మాట్లాడుకుంటున్నాం. మొదటివారం ఎవరికీ మాట రాలేదు. రెండోవారం మా ముగ్గురిలో పెద్దావిడ, పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి, తనకు ఒక సబ్బు వాసన పడదని చెప్పింది. ఎందుకో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆధార్ కార్డు అడిగి ఆపేసిన ఆమెకు ఫోన్ చేశాను. "ఆ రోజు మీరు చెప్పేది పూర్తిగా వినలేదమ్మా, తప్పు నాదే, మీకు వీలున్నప్పుడు రండి" అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, కూలి పనికి సెలవు దొరికిన రోజు వస్తానంది. ఇంకా రాలేదు.

నిన్న పై ఇంటి టీచర్ గారి దగ్గరికి వెళ్లి, అమ్మాయిని మళ్లీ పంపుతాననీ, అయితే చదువు చెప్పేటప్పుడు వీధి తలుపు తీసి ఉంచగలరా అనీ అడిగాను. ఆవిడ కారణం అడగలేదు. "గాలి కూడా వస్తుంది, అలాగే ఉంచుదాం" అన్నారు.